రాళ్ల మేస్త్రీ చూసిన గుండె

దెయ్యాలు, చేతబడులు అంటే అందరికంటే ముందు నవ్వేది నేనే. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కల్పించి రాసేంత చదువు నాకు లేదు. ఇది నా కళ్లెదుట జరిగింది.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో మార్టూరు దగ్గర మా మిరపచేలో బావి తవ్విస్తుంటే అడుగున బండ తగిలింది. దాన్ని చీల్చడానికి ఒక రాళ్ల మేస్త్రీని పిలిపించాం. మందుగుండు పేలి ఆయనకు రెండు చెవులూ ఎప్పుడో పోయాయి. ఒకరు బండ మీద సుత్తితో కొడుతుంటే ఆయన అరచెయ్యి ఆనించి, లోపల బీట ఎక్కడుందో చెప్పేవాడు. చెప్పినచోటే బండ చీలేది.

ఆ రోజు సుత్తి కొట్టింది మా ఆయన. ముప్పై ఏళ్ల మనిషి. పైకొచ్చి గట్టు మీద కూర్చుని ఒకటే ఆయాసపడుతున్నాడు. వెనకాలే ఎక్కివచ్చిన మేస్త్రీ ఆయన వీపు మీద ఎడమపక్కన చెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఏంది మేస్త్రీ, నన్నూ చీల్చి రోలు చేస్తావా?" అన్నాడు మా ఆయన.

మేస్త్రీకి వినపడలేదు. నావైపు తిరిగాడు.

"గుండె కొట్టుకోటం బాగానే కొట్టుకుంటందమ్మా. నిండేటప్పుడు సాగట్లా. గోడ రాయైపోతంది. ఈయన చేత బరువులు ఎత్తించమాక. నీ కడుపులోవాడిక్కూడా ఇంతే."

"కడుపేందే?" అన్నాడు మా ఆయన నన్ను చూసి.

నేను తల దించుకున్నాను. నెల తప్పి పది రోజులే అయింది. ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీకి నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

గుంటూరులో ఒక డాక్టరుకు చూపించాం. గొట్టం పెట్టి విని, గుండె భేషుగ్గా ఉందన్నాడు. "డాక్టరు కంటే రాళ్లు కొట్టేవాడికి ఎక్కువ తెలుసా?" అన్నది నేనే. ఆ మాట ఇంకొకరి మీదకు తొయ్యను.

మిరపకోతలప్పుడు మా ఆయన కల్లంలో బస్తా భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచి బోర్లా పడ్డాడు. మళ్లీ లేవలేదు. అప్పుడు నాకు ఏడో నెల.

మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లాను. గుడిసె ఎత్తేసి ఎటో వెళ్లిపోయారన్నారు.

మగపిల్లాడు పుట్టాడు. వాణ్ణి నీళ్లబిందె కూడా మొయ్యనివ్వలేదు. నమ్మి కాదు, భయపడి. పెద్దయ్యాక కుట్టుమిషను ముందు కూర్చోబెట్టాను. "రైతుబిడ్డ చేత జాకెట్లు కుట్టిస్తన్నావేందే!" అని ఊరంతా ఎత్తిపొడిచారు. పడ్డాను.

మొన్నీమధ్య వాడికి ఆయాసం వస్తే ఎకో అని గుండెకు స్కానింగు తీయించాం. డాక్టరమ్మ వాడి ఛాతీ మీద జిగురులాంటిది రాసి, మిషను మొన ఆనించి తెర చూపించింది. గుండె కదులుతోంది.

"కొట్టుకోవడం బాగానే ఉందండి. నిండేటప్పుడే కండరం సాగడం లేదు. గోడ దళసరెక్కి గట్టిపడింది. తండ్రి నుంచి వచ్చి ఉండొచ్చు" అంది. మందులతో నెట్టుకు రావచ్చని ధైర్యం చెప్పింది. తర్వాత వాడు ఏం పని చేస్తాడో అడిగి తెలుసుకుని నావైపు చూసింది.

"బస్తాలు మోసుంటే ఈ వయసు దాకా వచ్చేవాడే కాదు మామ్మగారూ. ఎవరు చెప్పారు మీకు?"

ఒక రాళ్లు కొట్టేవాడు చెప్పాడన్నాను. చెవులు వినపడని ఆ మనిషికి ఎలా తెలిసిందో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు. ఆయన పేరైనా నేను అడగలేదు.