చిత్తూరు చర్చిలో మొహం కనిపించే స్తంభం

మా నాయన సున్నపు గచ్చు పనివాడు. చిత్తూరులో దొరల కాలంలో కట్టిన చర్చిలో తాను మెరుగు పెట్టిన స్తంభంలో మొహం చూసుకోవచ్చని చెప్పేవాడు. రేణిగుంట దగ్గర మా ఊరిలో ఎవరూ నమ్మలేదు. సున్నంలో మొహమా అని ఆయన పోయేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. అరవై ఏడేళ్లు వచ్చాక ఆ మాట నిజమో కాదో చూడాలనిపించింది. ఈ పంతొమ్మిది వందల ఎనభై రెండులో, శివరాత్రి దాటిన వారం బయలుదేరాను.

తిరుపతిలో ఆరు గంటల ఎర్ర బస్సు ఎక్కాను. టికెట్ ఏడు రూపాయలు. చంద్రగిరి కోట దాటేసరికే సీటు అంచుకు జరిగి కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు చిత్తూరులో దిగి నడిచాను. దూరం నుంచే గంట గోపురం కనిపించింది. దగ్గరికి పోయి కిటికీ పక్కన మూరేసి చూశాను. రెండు మూరల మందం గోడలు! కిటికీల కమానులు చేతులు జోడించినట్టు పైన మొన తేలి ఉన్నాయి. లోపలికి పోవాలంటే సిగ్గు. చెప్పులు విడిచి, గుడికి పోయిన అలవాటున ప్రదక్షిణం మొదలుపెట్టాను. మూడో చుట్టులో ఆ చర్చి చూసుకునే ఉపదేశి ఎదురొచ్చాడు.

"ఏమప్పా, మూడు సుట్లు తిరిగినావే. ఏమన్నా పోగొట్టుకున్నావా?"

"లేదయ్యా... దండం పెట్టుకుంటా ఉండా."

"ఈడ సుట్టేది లేదబ్బా! లోపలికి రా."

లోపల పైకి చూస్తే మెడ వెనక్కి వాలిపోయింది. టేకు దూలాల కప్పు, బోర్లించిన పడవలా ఉంది. కానీ స్తంభాలన్నిటికీ నీలం పెయింటు. ప్రాణం ఉసూరుమంది. అప్పుడు నోరు విప్పి నాయన సంగతి చెప్పాను.

"అన్నిటికీ రంగు కొట్టేసినారప్పా" అని ఉపదేశి ఆగాడు. "ఉండు. ఎనక గదిలో బీరువా సాటున ఒకటుండాది. బీరువా జరపలేక పెయింటరు దాన్ని ఇడిసిపెట్టినాడు. వాని సోమరితనం సుట్టూ తిరుగు, తప్పులేదు!"

ఇద్దరం కలిసి బీరువా తోశాం. సాలెగూళ్లు పైపంచెతో తుడిచాను. మీగడలాంటి తెల్లటి గచ్చు, చేతికి చల్లగా తగిలింది. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం, గుడ్డు సొన కలిపి పూసి, నున్నటి గులకరాయితో రోజుల తరబడి రుద్దితే వచ్చే మెరుగు అది. అందులో నా తలపాగా. దాని కింద నా మొహం.

"కనపడతా ఉండాదా?" అన్నాడు ఉపదేశి.

"ఉండాది. మా నాయన అబద్ధం చెప్పలా."

వాకిటి రాయి మీద కట్టించిన దొరల పేర్లున్నాయి. నాయన పేరు లేదు. ఉండదని తెలుసు. ఊరికి వచ్చాక ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఆయన్ని చూసి నవ్వినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే.

మీరు పోతే ఆదివారం కాకుండా మామూలు రోజు పదిలోపల పోండి. తూర్పు కిటికీ ఎండ ఆ స్తంభం మీద పడేది అప్పుడే. నాలాగా సిగ్గుపడి చుట్లు తిరగకుండా, బీరువా జరపమని అడగండి.