నడిమి గోడకు సిమెంటు

కరీంనగర్ పాత బజారు వెనక గల్లీలో మాది వరుసలో మూడో ఇల్లు. ఏడు ఇళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉంటాయి. రెండిళ్ల నడుమ ఒకటే మట్టిగోడ. అటు వాళ్ల దూలాలూ ఇటు మా దూలాలూ దానిమీదే ఆనుతాయి. అన్నీ ఆదిలాబాద్ అడవి టేకు. చూడవచ్చినవాళ్లు తలుపుల చెక్కడాలు ఫోటో తీసుకొని "ఎంత బాగుందో" అని పోతారు. ఆ బాగు ఏమిటో ఉండేవాళ్లనడగాలి. వానాకాలం మిద్దె కారుతుంది, ఎండాకాలం చెదలు దులపాలి. వేగి వేగి నాకు విసుగొచ్చింది.

ఆ విసుగులోనే ఐదేళ్ల కింద, నడిమి గోడకు మావైపు సున్నం పెచ్చులూడుతోందని, అంతా గీకించి సిమెంటు పూయించాను. ఏటేటా సున్నం వేసే బాధ తప్పిందని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

మరుసటి వానాకాలం పక్కింటి అక్క వచ్చింది. బీడీలు చుట్టి బతికే ఒంటరి మనిషి. వాళ్లవైపు గోడ నెమ్మెక్కి, లోపలి అర్రలో పెట్టిన బీడీలకు బూజు పట్టిందట. కార్ఖానాలో కట్టలు తిప్పి పంపారట.

"జర మీ దిక్కు సూడు తమ్మీ, నీళ్లేమన్న కారుతున్నయా?" అంది.

మా గోడ పొడిగా, నున్నగా ఉంది. "నువ్వు దినాం ఆకు నానబెడ్తవు గదక్కా. గా తడే గోడకెక్కుతుంది," అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

ఆకు తడపకపోతే బీడీ చుట్టడానికి రాదు, నిజమే.  అక్క మరునాడే చాట, కత్తెర, తడిగుడ్డలో చుట్టిన ఆకు తెచ్చుకొని బయటి అరుగు మీదికి మారింది. అప్పటినుంచి ఎండకు జరుగుతూ, జల్లు కొడితే పట్టా కప్పుకుంటూ అక్కడే చుట్టింది. గల్లీ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. "గోడ ఆరిందా అక్కా?" అని అడిగితే, "ఇంక ఆరలే తమ్మీ, పాత తడి గదా," అనేది.

మొన్న మా సిమెంటు ఉబ్బి ఊడింది. పాత ఇళ్ల పని తెలిసిన మేస్త్రిని మెట్‌పల్లి నుంచి పిలిపించాను. లోపలి మట్టి తడిపిన పిండిలా చేతికొచ్చింది.

"మట్టిగోడకు గాలాడాలె సార్. భూమిలకెల్లి ఎక్కిన తడిని మీరు ఇటు రాకుంట మూసిండ్రు. ఇగ గటు పోయింది," అన్నాడు.

అక్క కార్ఖానాకు పోయి ఉంది. తాళంచెవి ఎప్పుడూ మా ఇంట్లోనే ఇచ్చి పోతుంది. తలుపు తీసి మేస్త్రికి లోపలి అర్ర చూపించాను. మేస్త్రి దూలం కొసను ఇనుప చువ్వతో పొడిస్తే సగం దాకా దిగింది. "గీ అర్రలకు ఎవ్వలు రావద్దు. ఎప్పుడన్న కూలుతది," అన్నాడు. ఆకుల తడి సంగతి అడిగితే నవ్వాడు.

సాయంత్రం అరుగు మీద అక్క పక్కన కూర్చున్నాను.  సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"అక్కా, తడి నీ ఆకుది కాదట. తప్పు నాది. నేను సిమెంటు పూయించిన గదా, గందుకే," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలో బీడీకి దారం చుట్టడం పూర్తిచేసి, చాటలో వేసి, నా వైపు చూసింది. ముఖం విప్పారింది.

"గట్లనా! ఇన్నేండ్ల సంది నేనే ఇల్లు ఖరాబ్ చేసిననుకుంటున్న. అయితే రేపటి సంది లోపట్నే కూసుంట తమ్మీ," అంది.

ఆ అర్ర గురించి మేస్త్రి చెప్పిన రెండో మాట నేనింకా ఆమెకు చెప్పలేదు.