థానేలో నోరు మెదపకుండా చూసిన నాటకం

కాలేజీ వాళ్ల మరాఠీ నాటకంలో మా అమ్మాయి రజితకు ముసలమ్మ వేషం దొరికింది. భివండీ వచ్చి ఇరవై రెండేళ్లయినా నేనుగానీ, మా ఆవిడ రాజమణిగానీ ఏనాడూ నాటకశాల గడప తొక్కలేదు. శుక్రవారం మా సాంచెలకు, అంటే మరమగ్గాలకు, సెలవు కనుక బయలుదేరాం.

పొద్దున్నే మాకంటే ముందు వెళ్తూ రజిత ఒక్కటే షరతు పెట్టింది. "నాన్నా, సాంచెల మోతల బతికి బతికి మీ ఇద్దరి గుసగుస గూడ గల్లీ దాక వినవడ్తది. ఆడ మీ నోట్లకెల్లి సప్పుడొస్తే నా ఇజ్జత్ పోతది."

ఒంటిగంటకు మా కామత్‌ఘర్‌లో షేర్ ఆటో ఎక్కి, ఒకటిన్నరకు థానే బస్సు పట్టుకున్నాం. మీరూ వెళ్లదలిస్తే వడాపావ్ దిగాక తినండి, దారంతా గుంతలే. "కిటికీ మూయాల్నా?" అని రాజమణి నా చెవిలో అడిగింది. ముందు సీటాయన ఉలిక్కిపడి తన కిటికీ మూశాడు.

నాలుగింటికి నాటకం. మావి రెండో వరుస కుర్చీలు. లైట్లు ఆరి హాలంతా నిశ్శబ్దమైంది. అలాగైతే మా లెక్కలో కరెంటు పోయినట్టే. ఇంటికి పోదామని రాజమణి లేవబోతే కొంగు పట్టి కూర్చోబెట్టాను.

నాలుగుంబావుకు రజిత వచ్చింది. తలకు పౌడరు, చేతిలో కర్ర. జనానికి నవ్వాగలేదు. ముందుకొచ్చి తాళంచెవి ఎక్కడుందో చెప్పాల్సిన చోట ఆగిపోయింది. కర్ర వణుకుతోంది. అది నటన కాదని కన్నతండ్రికి తెలియదా?

ఆమె వెనక, పక్కతెర చాటున పుస్తకం పట్టుకున్న బట్టతలాయన మాట అందిస్తున్నాడు. ఆ నవ్వుల్లో రజితకు వినబడలేదు, నాకూ వినబడలేదు. కానీ సాంచెల మధ్య మేం మాటను చెవులతో వింటామా? పెదాలు చూసి పట్టుకుంటాం. ఆయన పెదాలు చూశాను. అరిస్తే పిల్ల ఇజ్జత్ పోతుంది. అందుకని చప్పుడు రాకుండా, నోరు బారెడు తెరిచి ఒక్కో మరాఠీ మాటా పెదాలతోనే చెప్పాను: తాళంచెవి బియ్యం డబ్బాలో ఉంది. రాజమణి పక్కనుంచి ఉత్త చేతులతో బియ్యం చెరిగి చూపించింది.

నాకేదో అయిందనుకుని పక్క కుర్చీలోని పెద్దావిడ "కాకా, పాణీ హవంయ్ కా?" అంటూ నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది.

సాంచెల పక్కన ఉయ్యాలలో పెరిగిన పిల్ల. నా పెదాలు చూసి మాట అందుకుంది. హాలంతా చప్పట్లు!

అక్కడితో అయిపోలేదు. రుచి మరిగి ఇక ప్రతి మాటకూ నావైపే చూసింది. నేను బట్టతలాయన్ని చూడాలి, రజిత నన్ను చూడాలి. గంటన్నరలో నా దవడలు పీకేశాయి.

ఆరున్నరకు తిరుగు బస్సు. పౌడరు తల చూసి ముసలమ్మే అనుకుని ఒకాయన లేచి "ఆజీ, బసా" అని రజితకు సీటిచ్చాడు. మొహమాటం లేకుండా కూర్చుంది.

"నాటకం ఎట్లుంది నాన్నా?"

"కథ నాకెర్క లేదు బిడ్డా. గా బట్టతలాయన మాత్రం మస్తు చేసిండు."

రజిత పడీపడీ నవ్వింది. "రేపు గూడ ఆట ఉన్నది. వస్తరా?"

"నాగా వెట్టి వస్తం. రేపన్న మాటలు నేర్సుకో, నన్ను గింత నాటకం సూడనియ్యి."

"నేర్సుకునే వచ్చిన నాన్నా," అంది, గొంతు తగ్గించి. "మీరిద్దరు గట్ల వచ్చి కూసునుడు సూసి అన్ని మర్సిపోయిన."

అందుకే చెబుతున్నాను, కన్నపిల్ల నాటకానికి వెళ్లేవాళ్లు వెనక వరుసలో కూర్చోండి. మేం మాత్రం రేపు మొదటి వరుస అడుగుతాం.