చోడిచేలో అక్క పెళ్ళి

పలాసలో ఒక స్టూడియో ఉండేది. పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు దాని బోర్డు మీద పాత పేరుకు ముందు 'డిజిటల్' అనే మాట వచ్చి చేరింది. లోపల వచ్చి చేరింది మాత్రం ఒక కంప్యూటరు. దానికి విడిగా గది, గదికి ఏసీ. యజమాని బయట బల్ల దగ్గర చెమట తుడుచుకుంటూ కూర్చునేవాడు. గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు విప్పాలి. మానిటరు నుదుట మూడు కుంకుమ బొట్లు, పైన ఎండిపోయిన బంతిపూల దండ. నేను డిగ్రీ చదివి టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న వాణ్ణి కాబట్టి దణ్ణం పెట్టలేదు. చెప్పులు మాత్రం విప్పాను.

నా చేతిలో మా అక్క పెళ్ళి వీడియో క్యాసెట్టు ఉంది.

అక్క పెళ్ళి తొంభైల చివర్లో ఉద్దానంలోని మా ఊళ్ళోనే జరిగింది. వీడియో తీసింది ఈ యజమానే. అప్పటికి ఆయన ఇంకా డిజిటల్ కాలేదు. భుజం మీద కెమెరా, పక్కన లైటు పట్టుకున్న మనిషి. ఆ లైటు ఎటు తిరిగితే అటు పెళ్ళి ఆగిపోయేది. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి జుట్టు సర్దుకునేవారు. ముద్ద నోటిదాకా తెచ్చుకున్నవాళ్ళు అలాగే ఉండిపోయి, లైటు పక్కకు పోయాక తినేవాళ్ళు.

మాలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ పీటల దగ్గరికి మోసుకొస్తాడు. మా మామ మోసుకొచ్చాడు. సరిగ్గా పడలేదు, మళ్ళీ ఒకసారి, అన్నాడు కెమెరా ఆయన. మామ వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ మోసుకొచ్చాడు. ఈసారి మామ మొహం పడలేదట. మూడోసారికి మామ గంపను దారిలోనే ఇసుకలో దింపి, నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒరే, ఎన్నిసార్లు ఎత్తమంతావురా? ఇది నా మేనకోడల్రా, జీడిపిక్కల బస్తా కాదు. నీకంత సరదాగుంతే గంపలో నువ్వెక్కి కూకో, తీసికెల్లి సముద్రంలో దింపీసి వొత్తాను. ముందా లైటార్పు, గుంట కల్లు మండిపోతన్నాయి!"

గుంట అంటే మా అక్క. అంతా అనేసి, కెమెరాకు కనపడని వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి, "ఏటే, నవ్వుతన్నావు?" అన్నాడు.

ఆ కనపడని వైపు ఉన్నది మా అత్త, ఆయన భార్య.

ఇదంతా క్యాసెట్టులో అలాగే మిగిలిపోవడం మా గొప్ప కాదు. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోకు మిక్సింగ్ అని ఒకటి చేసేవారు. మనుషులు మాట్లాడిన మాటలన్నీ తీసేసి వాటి చోట సినిమా పాటలు వేయడం. పెళ్ళిలో పనికిరానివి మాటలేనని ఒక నమ్మకం. మా క్యాసెట్టు మిక్సింగుకు బరంపురం వెళ్ళాలి. మిక్సింగు చేసే ఆయన ఊళ్ళో లేడన్నారు, తర్వాత జ్వరమన్నారు. మా నాన్నకు ఓపిక తక్కువ. ఉన్నదున్నట్టు పట్టుకొచ్చేశాడు. నాన్న తొందరపాటు వల్ల మా ఇంట్లో జరిగిన మంచి నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

వీసీఆర్ మామ ఇంట్లో ఉండేది. కాశీబుగ్గలో వీసీఆర్లు అద్దెకిచ్చే కొట్టు ఎత్తేస్తుంటే కొన్నాడు. బొమ్మ వణికితే మూత తీసి, కొత్త పదిరూపాయల నోటుతో హెడ్డు తుడిచేవాడు. పాత నోటు పనికిరాదు. అందుకోసం ఒక నోటు విడిగా దాచాడు, ఎంత అవసరమొచ్చినా అది ఖర్చు పెట్టలేదు. చుట్టాలు వస్తే పెళ్ళి క్యాసెట్టు వేసేవాడు. తెర మీద మామ "ఏటే, నవ్వుతన్నావు?" అనగానే, కింద చాప మీద కూర్చున్న అత్త "నవ్వనేదులే" అనేది. కుర్చీలో ఉన్న మామ "నవ్వినావు. ఊరంతా సూసినారు" అనేవాడు. ఎన్నిసార్లు వేసినా ఇదే. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది కూడా క్యాసెట్టులోదే అనిపించేది.

తర్వాత మామ పోయాడు. మా వైపు మనుషులు దేనితో పోతారో దానితోనే. కిడ్నీ పరీక్షలో వచ్చే క్రియాటినిన్ అన్న మాటను మా ఊళ్ళో సంతకం రానివాళ్ళు కూడా తప్పు లేకుండా పలుకుతారు. ఆ పై ఏడాది వీసీఆర్ కూడా పోయింది. సముద్రపు గాలికి లోపలంతా తుప్పు పట్టి, బల్లి గుడ్లు పెట్టింది.

క్యాసెట్టును మాత్రం అత్త చూసుకుంది. టేపుకు బూజు పడుతుందని ఎవరో చెప్పారు. అప్పటినుంచి వేసవిలో మిరపకాయలతో, ఎండుచేపలతో పాటు దాన్నీ ఎండలో పెట్టేది. అదీ పొద్దుటి లేత ఎండలోనే. ఎండ ముదరక ముందే తీసి, పాత తువ్వాలులో చుట్టి బియ్యం డ్రమ్ములో పాతేసేది. బియ్యం చెమ్మ లాగేస్తుందట. నేను చూసి నవ్వాను. సైన్సు చదివినవాడికి నవ్వే హక్కుంటుంది.

"అత్తా, ఇలా కాదు. సీడీ చేయిస్తాను. ఇంక చెడిపోవడమన్నది ఉండదు. వందేళ్ళుంటుంది" అన్నాను.

"వొందేల్లు నాకెందుకు బాబూ? మీ మామ మాట ఇనపడితే సాలు. ఆ తిట్టు, ఆకర్నన్న మాట. అది పోకూడదు, అంతే" అంది అత్త. క్యాసెట్టు నా చేతిలో పెట్టి, తువ్వాలు తన దగ్గరే ఉంచుకుంది.

అలా నేను చెప్పులు విప్పాను.

వారం తర్వాత స్టూడియో యజమాని సీడీ ఇచ్చాడు. ఒకటి కాదు, ముందు జాగ్రత్తగా నాలుగు. మూత మీద అక్కాబావల బొమ్మ, చుట్టూ గులాబీలు, వెనక మంచుకొండలు. బావది సముద్రం పక్కన సంతబొమ్మాళి వైపు. పాత క్యాసెట్టు కూడా తిరిగిచ్చేశాడు. ఆ రోజు వాళ్ళు చేసిన పనుల్లో తప్పు పట్టలేనిది అదొక్కటే. ఇంటికొచ్చి కొత్త సీడీ ప్లేయర్లో వేసి చూశాను. వినాయకుడు గిరగిరా తిరిగి ఆగాడు. శుభలేఖ తెరుచుకుంది, పేర్లు ఎగురుకుంటూ వచ్చాయి. బొమ్మ కడిగినట్టుంది. రెండు నిమిషాలు చూసి ఆపేశాను. చదువుకున్నవాడికి రెండు నిమిషాలు చాలు.

నాన్న క్యాసెట్టు చేత్తో తిప్పి చూశాడు.

"సీడీ వొచ్చీసినాది గదా. మరింక ఇదెందుకు?"

"ఎందుకూ పనికిరాదు" అన్నాను నేను.

మాటకు మాట ఇలాగే జరిగింది. మార్చి చెప్పడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

అప్పుడు చోడి చేలు, అంటే రాగి చేలు, కంకి మీద ఉన్నాయి. పిట్టలు పడకుండా మా వైపు చేనుకు అడ్డంగా క్యాసెట్టు టేపు కడతారు. గాలికి అది రుయ్యిమంటుంది, ఎండకు మెరుస్తుంది, పిట్ట వాలదు. పాటల క్యాసెట్ల టేపు సన్నం, ఊరికే తెగిపోతుంది. వీడియో టేపు వెడల్పు, మోత కూడా ఎక్కువ. నాన్న డబ్బా పగలగొట్టి, కొడవలితో బారలు బారలుగా కోసి, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అక్క పెళ్ళిని కట్టేశాడు. మిగిలింది చుట్ట చుట్టి కళ్ళంలో పెట్టాడు.

అత్త ఆదివారం వచ్చింది. తలకు నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని టీవీ ముందు చాప మీద కూర్చుంది. సీడీ వేశాను. వినాయకుడు తిరిగాడు. పేర్లు ఎగిరాయి. అక్క గంపలో కూర్చుంది. మామ ఎత్తాడు, ఒకసారి, రెండుసార్లు. మూడోసారి గంప దింపి, నడుం మీద చెయ్యి పెట్టి, నోరు తెరిచాడు. నోట్లోంచి సినిమా పాట వచ్చింది. ఆడ గొంతుతో. మామ వేలు చూపించి వీరావేశంగా ఏదో అంటున్నాడు, వెనక వయొలిన్లు మోగుతున్నాయి, ఆయన తల చుట్టూ రంగురంగుల సీతాకోకచిలకలు ఎగురుతున్నాయి. చివర్లో పక్కకు తిరిగి పెదాలు కదిపాడు. ఆ పక్కనుంచి ఒక హృదయాకారం వచ్చి ఆయన్ని కప్పేసింది.

అత్త చాప మీదే టీవీ దగ్గరికి జరిగింది. "సౌండు పెంచు బాబూ" అంది.

పెంచాను. పాట గట్టిగా వినపడింది.

మర్నాడు పలాస వెళ్ళాను. ఈసారి చెప్పులు విప్పలేదు.

"మాటలేవయ్యా?" అన్నాను.

"ఏ మాటలు మేష్టారూ?"

"మా మామ నిన్ను తిట్టిన మాటలు."

ఆయనకు గుర్తుంది. మొహం చూస్తే తెలుస్తోంది. "అది వాయిస్ కాదు మేష్టారూ, డిస్టర్బెన్సు. ఫుల్లుగా తీసీసి సాంగేసినాను. ఎఫెక్టులు గూడా ఫ్రీగానే ఇచ్చినాను. సీతాకోకసిలకలు ఇంకెవులికీ ఎయ్యనేదు."

"అది మళ్ళీ రాదా?"

"కంప్యూటర్లో డిలీట్ సేసీసినాం. అయినా మీకేటి బెంగ, ఒరిజినల్ టేపు మీకాడే ఉంది గదా?"

ఉంది. చోడిచేలో.

ఆ సాయంత్రం అత్త, నేను చేలోకి వెళ్ళాం. గాలి జోరుగా ఉంది. అక్క పెళ్ళి చేను పొడుగునా రుయ్యిమని మోగుతోంది. అత్త గట్టు మీద నిలబడి కాసేపు వింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ మామ గొంతు ఇంతకన్నా బాగుంతాది" అంది.

ముక్క ముక్క విప్పి, చేతికి చుట్టుకుంటూ పోయాం. కళ్ళంలో చుట్ట కూడా తీశాం. నాన్న దూరంగా నిలబడి, చేను పిట్టల పాలవుతుందని గొణిగాడు. అత్త ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన కొబ్బరితోటలోకి వెళ్ళిపోయాడు.

టెక్కలిలో రేడియోలు, టీవీలు బాగుచేసే ఆసామి ఒకడున్నాడు. బోర్డు లేదు. నాకేమీ కాడు, అందర్నీ బావా అంటాడు. అత్తా నేనూ టేపు కుక్కిన బస్తా దింపితే లోపలికి చూసి, "ఏటి బావా, ఇది టేపా, సేపల వొలా?" అన్నాడు.

సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు. "డిగ్రీ సదివినావు గదా బావా" అన్నాడంతే. ఇంతకన్నా క్లుప్తంగా నన్నెవరూ అంచనా కట్టలేదు.

రెండు వారాలు పట్టింది. ఖాళీ డబ్బాలో ముక్కలన్నీ అతికించాడు. ఏది ముందో ఏది వెనకో వాడికేం తెలుసు? కబురు పంపితే అత్తను తీసుకెళ్ళాను. కొట్లోనే, విప్పిపెట్టిన టీవీల మధ్య, పాత వీసీఆర్లో వేశాడు. ముందు భోజనాలయ్యాయి. తర్వాత తాళి కట్టారు. ఆపైన పెళ్ళికి ముందటి ఊరేగింపు వచ్చింది. తిరగబడి అతికిన ముక్కలు వచ్చినప్పుడు తెరంతా చుక్కలు. ఎండ తిన్న ముక్కల్లో బొమ్మ అసలే లేదు, ఇసుక తుఫాను. ఆ ఇసుకలోంచి హఠాత్తుగా,

"...న్నిసార్లు ఎత్తమంతావురా? ఇది నా మేనకోడల్రా..."

అత్త పైట కొంగు పిడికిట్లో పట్టుకుంది.

"...గంపలో నువ్వెక్కి కూకో, తీసికెల్లి సముద్రంలో దింపీసి..." గొంతు సాగింది, మునిగింది, మళ్ళీ తేలింది. "...గుంట కల్లు మండిపోతన్నాయి!"

అక్కడ తెగింది. నాన్న కొడవలి సరిగ్గా అక్కడే పడింది. ఆ తర్వాతి బార ఏ గట్టున ఎగిరిపోయిందో. తెర నల్లగా అయింది.  మామ ఆఖరు మాటకు పట్టేంత సేపు, అంతే సేపు ఆగి, అత్త చీకటి తెర వైపు చూస్తూ అంది:

"నవ్వనేదులే."

బాగుచేసే ఆసామి వెనక్కి తిరిగి సోల్డరింగు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఇనుము ఇంకా వేడెక్కలేదు.

దారిలో నా నోరు ఊరుకోలేదు. "అత్తా, ఈ సౌండొక్కటీ నాకిస్తే కంప్యూటర్లోకి..." అన్నాను.

"నీకియ్యను బాబూ" అంది. కోపంగా కాదు. ఆటోలో క్యాసెట్టును తువ్వాలులో చుట్టుకుంటూ, చాలా మర్యాదగా. ఇంటికి వెళ్ళాక అది మళ్ళీ బియ్యంలోకి పోయింది. ఇప్పటికీ వేసవిలో పొద్దుటి ఎండ చూస్తుంది.

సీడీల్లో ఒకటి అక్క తీసుకుంది. రెండు ఎక్కడున్నాయో తెలియదు. నాలుగోది ఇమ్మని అత్త అడిగితే, బొమ్మయినా చూసుకుంటుంది కదా అని ఇచ్చాను. మర్నాడు చేలోకి వెళితే, టేపు తీసేసిన చోట కర్రకు పురికొసతో కట్టి వేలాడుతోంది. మంచుకొండల ముందు అక్కాబావలు నెమ్మదిగా తిరుగుతున్నారు. మోత ఏమీ లేదు. కర్ర మీద రెండు పిచ్చుకలు కూర్చుని దాన్నే చూస్తున్నాయి.