మీకు ఈ మనిషి తెలుసా?

వెర్లీన్ టాలివర్‌కి జ్యూరీకి రమ్మని కోర్టు కాగితం రావడం ఇది నాలుగోసారి. అమెరికాలో, మిసిసిపీలోని ఆ ఊళ్ళో ఒకప్పుడు నల్లవాళ్ళని పిలిచేవాళ్ళే కాదు; వాళ్ళమ్మకైతే బతికినన్నాళ్ళూ అలాంటి కాగితమే రాలేదు. వెర్లీన్‌కి వస్తుంది గానీ, రెండు ప్రశ్నలడిగి ఇంటికి పంపేస్తారు. చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు కత్తిపట్టి క్యాట్‌ఫిష్ ముళ్ళు తీసిన మనిషి ఆవిడ. సూపర్‌వైజర్ది తప్పయితే మొహం మీదే అనేసేది. చచ్చేలోగా ఒక్కసారైనా, నేరం చేశాడో లేదో తేల్చే ఆ పన్నెండుమందిలో ఒకరిగా జ్యూరీ కుర్చీలో కూర్చోవాలని ఆవిడ పంతం.

ప్రభుత్వ లాయరు క్రెన్‌షా ఆవిడ ముందుకొచ్చి నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి ఏమాత్రం నచ్చలేదు.

"మిస్ వెర్లీన్, కొట్టు గోదాము తగలబెట్టాడని కేసున్న ఈ కెల్విన్ స్పేట్స్ మీకు తెలుసా?"

"తెలీదు సార్."

"ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఇందులో ఆలోచించేదేముంది? తెలీదన్నాగా!"

అతను ఫైల్లోంచి ఒక మడతకాగితం తీశాడు. వెర్లీన్ చూడగానే గుర్తుపట్టింది. నిరుడు ఓజెల్లా స్పేట్స్ అంత్యక్రియల్లో చర్చి వాళ్ళు పంచిన కాగితం అది. శవపేటిక వెంట పూలు మోసినవాళ్ళ పేర్లలో తన పేరు కింద ఎర్రగీత ఉంది. చర్చిలోంచి ఇది వీడి చేతికి ఎవరిచ్చారు? నా వెనక ఎన్నాళ్ళనించి తవ్వుతున్నారు వీళ్ళు?

"ఓజెల్లా ఇతని నాయనమ్మ. ఆవిడకి పూలు మోసి, ఇతను తెలీదంటారేం?"

"ఓజెల్లా తెలుసు. వీళ్ళవాళ్ళంతా తెలుసు. ఈ పిల్లాడితో ఒక్క మాటైనా ఆడి ఎరగను. వాళ్ళవాళ్ళు తెలియడం వేరు, మనిషి తెలియడం వేరు కదండీ!"

"ప్రమాణం చేసి నిజం దాచారు, జడ్జి గారూ."

జడ్జి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "మీరిక వెళ్ళొచ్చమ్మా."

అరవై మూడేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ అబద్ధాలకోరు అనలేదు. అవమానంతో చెవులు కాలిపోయాయి. అయినా ఇంటికి పోలేదు. ఆ కుర్చీలో ఎవణ్ణి కూర్చోబెడతారో చూద్దామని వెనక బెంచీ మీద కూలబడింది.

తర్వాత పిలిచింది ట్రాక్టర్ల షాపు తెల్లాయన రాయిస్ లెడ్‌బెటర్‌ని. కెల్విన్ తరఫు లాయరమ్మ అడిగింది, "క్రెన్‌షా గారు మీకు తెలుసా?"

"కనిపిస్తే హలో అంటానమ్మా, అంతే."

వెర్లీన్ దిగ్గున లేచింది. మొన్న ఇదే ప్రభుత్వ లాయరు పదవికి పోటీచేసిన క్రెన్‌షా ఎలక్షన్ విందులో చేపలు వేయించింది తనే. ఈ ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఒకే పళ్ళెంలో తిన్నారు.

"జడ్జి గారూ! ఎలక్షన్ విందులో వీళ్ళిద్దరికీ ఒకే పళ్ళెంలో వడ్డించాను. అది కూడా హలోయేనా?"

కోర్టు పోలీసు ఆవిడ వైపు వచ్చాడు. రాయిస్ మొహం ఎర్రబడింది, అంతలోనే పళ్ళికిలించాడు.

"ఏం చేస్తాం జడ్జి గారూ! చేపలు తినడం వేరు, మనిషి తెలియడం వేరు కదండీ!"

హాలంతా ఘొల్లుమంది. జడ్జి కూడా నవ్వాడు. లాయరమ్మ లేచి అభ్యంతరం చెబుతుంటే, రాసుకున్నామని చేత్తోనే ఆపాడు.

"సర్లే రాయిస్, వెళ్ళి కూర్చో."

పోలీసు మోచెయ్యి పట్టుకోబోతే వెర్లీన్ విదిలించుకుంది.

"అదే ముక్క నేనంటే అబద్ధం, ఆయనంటే జోకూనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాయిస్ మాత్రం వెళ్ళి జ్యూరీ కుర్చీలో కూర్చున్నాడు.