యాడనుంచి తీసినారు?

పెనుకొండలో కదిరప్ప సారు గురించి మూడు అభిప్రాయాలు చలామణిలో ఉన్నాయి. మూడూ తప్పే. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఆవిర్లు పీల్చి ఆయన బుర్ర చెడిందన్నది మొదటిది. ఆవిర్లు పీల్చిన మాట నిజమే. కానీ తోటి లెక్చరర్లు ముగ్గురూ అవే ఆవిర్లు పీల్చారు, వాళ్లకేమీ కాలేదు. ఆయన ఎవరినీ నమ్మని మనిషన్నది రెండోది. ఇంటికి తాళం వేయకుండా హిందూపురం వెళ్లివచ్చే మనిషికి ఆ మాట అంటదు. ఎదుటివాళ్లను నలుగురిలో చిన్నబుచ్చడం ఆయనకు సరదా అన్నది మూడోది. దీన్ని మాత్రం ఆయన భార్య రామక్క కూడా నిరుటి దాకా నమ్మింది.

ఆయనకున్న అలవాటు ఒక్కటే. ఎవరేం చెప్పినా కళ్లజోడు పైకి తోసి, "యాడనుంచి తీసినావు?" అని అడుగుతారు.

దీని వెనుక ఆయనకో సిద్ధాంతం ఉంది. "ల్యాబులో ఉప్పును విడగొడతాం. ఆస్పత్రిలో నెత్తురును విడగొడతారు. తెలుగు క్లాసులో వాక్యాన్ని విడగొడతారు. ఒకచోట విశ్లేషణ అంటారు, ఒకచోట పరీక్ష అంటారు, ఒకచోట వ్యాకరణం అంటారు. యాడైనా విడగొట్టేది సగం పనే. ఆ ముక్క యాడిదో చెప్పేది తక్కిన సగం" అనేవారు. ఆయన శిష్యులు లవణాల పేర్లన్నీ మరిచిపోయారు గానీ ఈ ముక్క మరవలేదు.

కొత్తచెరువులో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు వంటమనిషి భుజాన తువ్వాలుతో పంక్తి దగ్గరికి వచ్చాడు.

"సార్, సాంబారు రుచి చూడండి, అమృతం!"

"నువ్వు చూసినావా?"

"చూడకుండా పంపుతానా సార్?"

"గంటె యాడనుంచి తీసినావు? పైనుంచా, అడుగునుంచా?"

వంటమనిషి తల గోక్కున్నాడు. "పైనుంచే సార్."

"అట్లయితే పైసాంబారు బాగుందని చెప్పు. గుండిగ సంగతి నీకేం తెల్సు?"

అతడు పంతానికి పోయి అడుగుదాకా కలియబెట్టాడు. కరగని ఉప్పుగడ్డ పిడికెడంత పైకి వచ్చింది. రెండో పంక్తి బతికిపోయింది. రామక్క మాత్రం పెళ్లివారి చూపులకు విస్తరిలో తల దూర్చుకుంది.

హిందూపురంలో నెత్తురు పరీక్షలు చేసే మాధవీలత ఆయన పాత శిష్యురాలు. షుగరు చూపించుకోవడానికి నెలకొకసారి వచ్చే సారును చూడగానే ఆమె పెన్నూ కాగితమూ దగ్గర పెట్టుకునేది.

"పరగడుపున, ఎడమచేతి నుంచి, ఏడున్నరకు. రాసినా సార్. సీసా మీద మీ పేరు మీ ముందరే అంటించినా. ఇంగేమన్నా ఉండాదా?"

"ఉండాది. ఇది పరీక్ష. రోగం ఉందా లేదా అనేది నిర్ధారణ. అది డాక్టరు నన్ను చూసి చెప్పల్ల. నీ సీసాలో ఉండేది నా నెత్తురు, నేను కాదు."

"మీరు సీసాలో పట్టరు లే సార్" అని మాధవీలత సూది తీసింది.

భాష విషయంలో ఆయన మరీ కఠినం. పక్కింటి హేమావతి ఒకరోజు కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"చూడు రామక్కా, ఎదురింటి పద్మ నన్ను పిసినారి అనిందంట!"

సారు పేపరు మడిచారు. "ఆ మాట యాడనుంచి తీసినావమ్మా? ఏ వాక్యంలోంచి?"

"వాక్యమేంది సార్? పిసినారి అంటే పిసినారే!"

పద్మను పిలిపించి అడిగితే వాక్యం మొత్తం బయటపడింది: "హేమావతిని పిసినారి అనేవాళ్లకు కళ్లు లేవు." ఇద్దరూ అక్కడే కాఫీ తాగి వెళ్లారు. గిన్నెలు కడుగుతూ రామక్క గొణిగింది: "ఒక మాట విని ఊరుకునే మొగుడు దొరికింటే ఎంత బాగుండు!"

అందుకే నిరుడు కూతురు సుచిత్ర గృహప్రవేశానికి పట్టుచీర కొనడానికి ధర్మవరం బయలుదేరినప్పుడు రామక్క బస్సులోనే మొగుడికి షరతు పెట్టింది.

"ఏమప్పా, చీర నేను చూస్తా. నువ్వు ఫ్యాను కింద కూర్చో. నోరు తెరిస్తే నేను చీర కొనకుండా వెనక్కి పోతా."

"సరే" అన్నారు సారు. ఆయన ఆడి తప్పే మనిషి కాదు. ఆ పూట తప్పారు.

చీరల వ్యాపారి సుబ్బన్న ఇంటి ముందుగదిలో అప్పటికే పంచాయితీ నడుస్తోంది. కుళ్ళాయమ్మ అనే నేతమనిషి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె నేసిన చీర తిరిగి వచ్చింది. కొన్నవాళ్లు ఒక పోగు లాగి కాల్చి, అది ముద్దగా కరగడం వీడియో తీసి పంపారు.

"పట్టులో ప్లాస్టిక్ కలిపినావు" అన్నాడు సుబ్బన్న. "రేపట్నుంచి నీ మగ్గానికి నేను పట్టు ఇయ్యను."

"నా బిడ్డల మీద ఒట్టన్నా, మీరిచ్చిందే నేసినా. మీరు ఆపితే ఈ ఊర్లో ఇంగెవరూ ఇయ్యరు. మగ్గం ఊరికే పెట్టుకుని నేనేం చేసేది?"

"మంట అబద్ధం చెప్తాదా?"

ఫ్యాను కింద కళ్లజోడు పైకి లేచింది. రామక్క కళ్లు మూసుకుంది.

"సుబ్బన్నా, ఆ పోగు యాడనుంచి తీసినారు?"

"చీరలోంచే సార్, యాడనుంచి తీస్తారు?"

"చీరలో యాడ?"

వీడియో మళ్లీ పెట్టారు. రెండు వేళ్ల మధ్య పోగు తళతళ మెరుస్తోంది. అది అంచులోని జరీ.

సారు అగ్గిపెట్టె అడిగారు. కొంగు చివర వేలాడే పోగుల్లో చీర నడిమి భాగానిది ఒకటి తీసి కాల్చారు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, బూడిద వేళ్ల మధ్య పొడి అయింది. అసలైన పట్టు అట్లాగే కాలుతుంది. తర్వాత అంచులోంచి జరీ పోగు తీసి కాల్చారు. అది కరిగి గట్టి పూసలా మిగిలింది.

"పట్టు పట్టే. కరిగింది జరీ లోపలి దారం. ఇట్లాంటి జరీ వాడేది తప్పు కాదు, చెప్పి అమ్మితే."

కూలికి నేసేవాళ్లకు పట్టుతో పాటు జరీ కూడా వ్యాపారే ఇస్తాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. సారు మళ్లీ కళ్లజోడు పైకి తోశారు. తర్వాతి ప్రశ్న ఏమిటో రామక్కకు తెలిసిపోయింది. గుమ్మంలో అప్పటికే నలుగురు కొనుగోలుదారులు నిలబడి ఉన్నారు.

సారు నోరు తెరిచి, మూసుకుని, వెళ్లి ఫ్యాను కింద కూర్చున్నారు.

సుబ్బన్న ఆ పూసను గోటితో గిల్లి చూశాడు. "కుళ్ళాయమ్మా, పట్టు రేపొచ్చి తీసుకుపో. జరీ కట్ట నేను వేరేది చూస్తా" అన్నాడు.

రామక్క ఇంకో చీర చూడలేదు. మూడు పోగులు తక్కువైన ఆ చీరే పొట్లం కట్టించుకుంది.

తిరుగు బస్సులో ఆమె అడిగింది: "జరీ ఎవరిచ్చినారని ఏంటికి అడగలేదప్పా? నోటిదాకా వచ్చింది గదా."

"జవాబు ఆయనకు తెల్సు గదా. తెల్సిన దానికి మళ్లా పరీక్ష ఏంటికి?"

కాబట్టి మూడో అభిప్రాయం కూడా తప్పేనని తేలింది. ఆ పూట కదిరప్ప సారు ఎవరినీ ఉద్ధరించలేదు, ఎవరినీ ఓడించనూ లేదు. రెండు పోగులు రెండు చోట్ల నుంచి తీసి విడివిడిగా కాల్చారు. ఒక ప్రశ్న అడగకుండా మిగిల్చారు. ఆయన చేసింది అంతే.