నొక్కి చూసిన బటన్

మా బావ చేసే పని ఏమిటో మా నాన్నకు చివరిదాకా అర్థం కాలేదు. అక్కను చేసుకుంటానని మా ఇంటికి వచ్చిన రోజు "ఉద్యోగమేంటి బాబూ?" అని నాన్న అడిగితే, "ఆటలాడతానండీ" అన్నాడు బావ. "అది సరే, ఉద్యోగం?" అన్నాడు నాన్న. అక్క పక్కగదిలో నోట్లో చున్నీ కుక్కుకుని నవ్వింది.

వీడియో గేములు తయారుచేసే స్టూడియోలో టెస్టింగ్ విభాగం పెద్ద మా బావ. గేమ్ జనంలోకి వెళ్ళేముందు అందులో తప్పులు పట్టాలి. అందుకని రోజంతా కథానాయకుణ్ణి తీసుకెళ్ళి గోడలకేసి గుద్దిస్తూ ఉంటాడు. ఎక్కడైనా మనిషి గోడలోంచి అవతలికి దూరిపోయాడా, ఇక ఆ పూట బావ మొహం వెలిగిపోతుంది. ఏది చేయకూడదో అదే చేసి చూడటం వాళ్ళ పని. నొక్కొద్దన్నది ముందు నొక్కాలి.

నన్ను అక్కడ చేర్పించింది కూడా ఆయనే. గేముల్లో వెనకాల కనిపించే చెట్లూ కొండలూ బండరాళ్ళూ గీస్తాను నేను. మరదలినన్న జాలి ఏ కోశానా లేదు. "ఏమ్మా, నీ బండ గాల్లో తేలుతోంది" అని అందరిముందూ కేకేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. తీరా వెళ్ళి చూస్తే నిజంగానే తేలుతూ ఉండేది. తప్పు కనిపిస్తే దాచలేని మనిషని ఆఫీసంతా ఆయన్ని నమ్మేది. టెస్టింగ్ వాళ్ళయితే 'గురువు' అనే పిలిచేవాళ్ళు.

అలాంటి స్టూడియోని ఎవరో పెద్ద కంపెనీ వాళ్ళు కొనేశారు. కొన్నవాళ్ళు మమ్మల్నందర్నీ హాల్లో కూర్చోబెట్టి 'పునర్వ్యవస్థీకరణ' అన్నారు. ఆ మాట పలకడానికి మాకెవరికీ నోరు తిరగలేదు కానీ అర్థం మాత్రం చప్పున తెలిసిపోయింది. మనుషులు ఎక్కువయ్యారట. ఇష్టపడి వెళ్ళిపోయేవాళ్ళకు చేతినిండా డబ్బిచ్చి పంపిస్తారట. శుక్రవారం లోపు కంప్యూటర్లో ఒక పేజీ తెరిచి 'ఒప్పుకుంటున్నాను' అన్న బటన్ నొక్కాలి. సరిపడా మంది ముందుకు రాకపోతే తర్వాత వాళ్ళే ఏరి తీసేస్తారు. అప్పుడు మాత్రం వట్టి చేతులే.

బావ తన వాళ్ళందర్నీ మెట్ల దగ్గర పోగుచేశాడు. నేనూ వెళ్ళాను.

"ఒక్కరు కూడా నొక్కకండి. మనం లేకపోతే గేమ్ బయటికి పోదు. అందరం ఒక్క మాట మీద ఉంటే వాళ్ళే దిగొస్తారు" అన్నాడు.

అందరూ తలలూపారు, కళ్ళజోడు తప్ప. కళ్ళజోడంటే మా బావ చేతికింద పని నేర్చుకున్న కుర్రాడు. కుర్రాడని మేమనుకోవడమే, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ డబ్బు తీసుకుని బావమరిదితో కలిసి సైకిళ్ళ షాపు పెట్టుకోవాలని అతని ఆశ.

"అన్నా, నేను వెళ్ళిపోదామనుకుంటున్నా" అన్నాడు నసుగుతూ.

"నువ్వే వెళ్ళిపోతే మిగతావాళ్ళు ఆగుతారట్రా? నా మాట విను. నేనున్నాగా" అని బావ అతని భుజం తట్టాడు. కళ్ళజోడు ఆగిపోయాడు.

గురువారం మధ్యాహ్నం బావ నా సీటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నొక్కేశానే" అన్నాడు.

"ఏం నొక్కావు బావా?"

"ఆ బటన్. నొక్కితే 'నిజంగానేనా?' అని మళ్ళీ అడుగుతుందో లేదో చూద్దామని నొక్కా. అడగలేదు. ధన్యవాదాలని వచ్చేసింది."

చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. గేములో దాచుకున్న ఆట చెరిపేయాలన్నా రెండుసార్లు అడగాల్సిందేనని జీవితమంతా పోట్లాడిన మనిషి, ఉద్యోగం చెరిపే బటన్ ఒక్కసారి కూడా అడగకపోతే పట్టుబడిపోయాడు. టెస్టింగ్ వాళ్ళు కాక ఇంకెవరూ చేయని పొరపాటిది. విన్నవాళ్ళలో ఒక్కరూ అనుమానపడలేదు. "మన గురువు కాకపోతే ఇంకెవరు నొక్కుతారు!" అని కళ్ళజోడు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ వెంటనే ఏడుపు మొహం పెట్టాడు.

కాసేపటికి హెచ్‌ఆర్ మేడం దగ్గర్నుంచి బావకు ఫోనొచ్చింది. మెట్ల వైపు వెళ్ళి మాట్లాడాడు. బతిమాలుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. తిరిగొచ్చి, "వీల్లేదన్నారు" అని మాత్రం చెప్పి కూర్చున్నాడు.

అప్పట్నుంచి మనిషి తలెత్తలేదు. మాతో కలిసి తినడం మానేశాడు. కళ్ళజోడు టీ తెచ్చి ఎదురుగా పెడితే దాన్నట్టే చల్లారిపోనిచ్చాడు. పొరపాటుకు సిగ్గుపడుతున్నాడనుకుని మేం ఓదార్చాం. మేం ఓదార్చేకొద్దీ ఇంకా ముడుచుకుపోయాడు. ఇంట్లో అక్క కూడా "ఎవరికైనా జరుగుతుందండీ" అని ఒకటే ధైర్యం చెప్పింది.

శుక్రవారం గడువు దాటిపోయింది. మా వాళ్ళెవరూ నొక్కలేదు. సోమవారం పొద్దున్నే కళ్ళజోడు అందర్నీ లేవదీశాడు.

"అన్న మనకోసం నిలబడ్డాడు. మనం అన్నకోసం నిలబడకపోతే ఎలా? పదండి, మేడంతో తేల్చుకుందాం."

బావ "వద్దురా, వదిలేయండి" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నారు. చేయి పట్టుకుని మరీ లాక్కెళ్ళారు. వెనకాలే నేను.

హెచ్‌ఆర్ గది మాకు సరిపోలేదు. కొందరు తలుపు బయటే నిలబడ్డారు. కళ్ళజోడు బావ భుజం మీద చెయ్యేసి, గట్టిగానే అన్నాడు. "మేడం, ఇది పొరపాటున జరిగింది. రద్దు చేయండి. చేయకపోతే మేమెవరం ఇవాళ పనిలో కూర్చోం. మమ్మల్ని తీసేసినా సరే."

ఆవిడ తెల్లబోయి మా మొహాలు చూసింది. తర్వాత బావ వైపు చూసింది.

"నేను గురువారమే ఫోన్ చేశాను కదండీ? పొరపాటున నొక్కి ఉంటే ఇప్పుడే రద్దు చేస్తానన్నాను. మీరే కదా, వద్దు, ఉండనివ్వండి అన్నారు?"

ఆవిడ తప్పేం లేదు. పాపం, మాకు తెలిసే ఉంటుందనుకుంది.

బావ నేల చూస్తూ నిలబడ్డాడు. కళ్ళజోడు చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉంది. దాన్ని ఎలా తీయాలో తెలియక అలాగే ఉంచేశాడనిపించింది. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆయన మరదలినని ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఇంకా ఎవరికైనా అవకాశం ఉందా మేడం?" అని అడిగాడు కళ్ళజోడు చివరికి.

"శుక్రవారంతో మూసేశాం" అందావిడ.

కళ్ళజోడు అప్పుడు చెయ్యి తీసుకున్నాడు. "పర్లేదన్నా" అని అందరికంటే ముందు బయటికి నడిచాడు.

సాయంత్రం బావ కారులోనే ఇంటికి వచ్చాను. దారిపొడుగునా కడిగిపారేద్దామనే ఉంది నాకు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని మూసుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆయనే మొదలుపెట్టాడు.

"నొక్కింది పొరపాటేనే. ఒట్టు. కానీ నొక్కగానే హాయిగా అనిపించింది. ఇక గోడలు గుద్దక్కర్లేదనిపించింది. ఆవిడ రద్దు చేస్తానంటే నోట్లోంచి వద్దనే వచ్చింది."

"మరి మాకు చెప్పొచ్చుగా? ఇంకా ఒక రోజుందిగా! వాళ్ళూ నొక్కేవాళ్ళుగా!" అని అరిచాను.

"ఎలా చెప్పను? నొక్కొద్దన్నది నేనే కదా."

వెనక కార్లు హారన్లు కొడుతుంటే బండి కదిలించాడు.

అక్క తలుపు తీస్తూనే ఆత్రంగా అడిగింది. "ఏమైంది? రద్దు చేశారా?"

బావ నా వైపు చూశాడు. నేను చెప్పననుకున్నాను, చెప్పను కూడా లేదు. ఆయనే చెప్పులు విప్పుకుంటూ, "వాళ్ళు చేస్తామనే అన్నారు. ముందే అన్నారు. నేనే వద్దన్నా" అన్నాడు.

అక్కకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తన సంగతి అడగలేదు, ఇంటి సంగతీ అడగలేదు.

"మరి ఆ కళ్ళజోడబ్బాయి? వాడేమన్నాడు? తిట్టాడా?"

"తిట్టలేదు" అన్నాడు బావ. "పర్లేదన్నా అన్నాడు."

ఆ మాట అంటూనే గుమ్మంలో చతికిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.